పావు గ్రిప్పు దగ్గరే అసలు లెక్క: కార్బురేటర్ బండికి మైలేజీ రాబట్టే పద్ధతి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి బయలుదేరి, సింగుపురం మీదుగా మడపాం వెళ్లి, అక్కడ వంశధార వంతెన దాటి నరసన్నపేట అవతల ఉన్న మా బడికి చేరుకోవడం, సాయంత్రం మళ్లీ వెనక్కి రావడం. పన్నెండేళ్లుగా నాకూ నా 100 సీసీ బండికీ ఇదే దినచర్య. ఇంత తిరిగేవాడికి లీటరుకు ఐదు కిలోమీటర్ల తేడా వచ్చినా నెలాఖరుకు అది జేబులో తెలుస్తుంది. అందుకే ఒకసారి ఒక దుకాణంలో బండి ఇచ్చి మైలేజీ పెంచమని అడిగాను. అతను, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ పక్కనున్న స్క్రూను రెండు తిప్పులు తిప్పి, ఇక చూడక్కర్లేదన్నాడు. వారం తిరక్కముందే బండి వేడెక్కి నరసన్నపేటలో ఆగిపోయింది. తరువాత కొలిచి చూస్తే మైలేజీ పెరగకపోగా తగ్గింది.

దాన్ని సరిచేసినాయన రాజాం దగ్గర చిన్న పాకలో పనిచేసే పెద్ద మెకానిక్. ఆయన కార్బురేటర్ వైపు చూడనేలేదు. బండిని సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పి, "మాస్టారూ, మొదట చక్రం తేలిగ్గా తిరగనివ్వండి. స్క్రూ ఆఖర్న తిప్పాలండీ" అన్నారు. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో అక్షరం కూడా నేను చేసి చూడనిది లేదు.

ఇది మీ బండికి వర్తిస్తుందా?

మన దేశంలో భారత్ స్టేజ్ 6 కాలుష్య నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి వచ్చిన ద్విచక్ర వాహనాల్లో చాలావాటిలో కార్బురేటర్ బదులు, పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. తాళం తిప్పగానే మీటరులో ఇంజను బొమ్మతో పసుపు దీపం వెలిగి, ఇంజను స్టార్టయ్యాక ఆరిపోతుందంటే అది ఇంజెక్షన్ బండి కావచ్చు. దానికి ఈ పద్ధతి పనికిరాదు. అంతకుముందు కొన్న స్ప్లెండర్, ప్లాటినా, ప్యాషన్ వంటి బండ్లు మన ఊళ్లలో ఇంకా వేలల్లో తిరుగుతున్నాయి. ఈ వ్యాసం వాటి కోసం. కార్బురేటర్‌కు పక్కనుంచి వైర్లు వచ్చి ఒక నల్లటి పెట్టెలో కలుస్తుంటే అది యాక్సిలరేటర్ గ్రిప్పు స్థానాన్ని కనిపెట్టే సెన్సరు. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి.

మొదటి పని: ఇప్పుడెంత ఇస్తోందో కొలవడం

ట్యాంకు మూతి కింద కనిపించే అంచు దాకా పెట్రోలు పోయించండి. బండి సెంటర్ స్టాండు మీద నిటారుగా ఉండాలి. కిలోమీటర్ల అంకె రాసుకోండి. కనీసం 200 కిలోమీటర్లు మీ మామూలు దారిలో, మామూలుగానే నడపండి. తిరిగి అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అదే స్టాండు మీద, అదే అంచు దాకా పోయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. 214 కిలోమీటర్లు తిరిగి 3.9 లీటర్లు పట్టిందనుకోండి, సుమారు 55 వచ్చినట్టు.

వంద రూపాయల పెట్రోలు పోసి ఎంత దూరం వచ్చిందో చూడటం, మీటరు ముల్లును నమ్మడం లెక్కలోకి రావు. రిజర్వు నుంచి రిజర్వుకు కొలిచే పాత పద్ధతి కొంత నయం. కానీ గతుకుల్లో పెట్రోలు తొణికి రిజర్వు ముందే పడుతుంది.

ఒక్కసారి కొలిచి ఆగకండి, మూడుసార్లు కొలవండి. మన తీరంలో మధ్యాహ్నం నుంచి సముద్రం మీదుగా గాలి వీస్తుంది. సాయంత్రం కళింగపట్నం వైపు వెళ్లేవారికి అది ఎదురుగాలి, వచ్చేవారికి వెన్నుగాలి. వెళ్లిన దారినే తిరిగి వస్తే ఆ తేడా కొంత సర్దుకుంటుంది. మూడు కొలతల సగటును ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ అంకె లేకుండా స్క్రూ ముట్టుకుంటే తరువాత బాగుపడిందో చెడిందో మీకే తెలియదు.

రెండో పని: కార్బురేటర్ కాని దొంగలను పట్టుకోవడం

సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని గట్టిగా తిప్పండి. రెండు మూడు చుట్లు తిరిగి మెల్లగా ఆగాలి. అర చుట్టుకే ఆగిపోయిందంటే బ్రేకు పట్టేస్తోంది, లేదా చైను మరీ బిగుతుగా ఉంది. బ్రేకు రాడ్డు దగ్గర నట్టు ఒక తిప్పు వదులు చేసి మళ్లీ తిప్పి చూడండి. రాజాంలో ఆ పెద్దాయన నా బండికి చేసిన మొదటి వైద్యం ఇదే. ముందు చక్రానికీ ఇదే పరీక్ష. చైనును మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మొత్తం సుమారు 25 మిల్లీమీటర్లు ఆడాలి. ఎండిపోయి ఎర్రబడిన చైనుకు నూనె వేయండి.

టైర్లలో గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూడాలి. చాలా 100 సీసీ బండ్లకు ఒక్కరే నడిపేటప్పుడు ముందు 25, వెనక 28 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు ఇంకా ఎక్కువ కావాలి. కచ్చితమైన అంకె చైను కవరు మీది చీటీలోనో యజమాని పుస్తకంలోనో ఉంటుంది. అరచేత్తో నొక్కి బాగానే ఉందనుకోవడం నేను ఏళ్లపాటు చేసిన తప్పు.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర మాత్రం ఆగి చూడండి. టెక్కలి వైపు గ్రానైటు లారీల వెనక రోజూ వెళ్లేవారి ఫిల్టరుకూ, పట్నంలోనే తిరిగేవారి ఫిల్టరుకూ పోలిక లేదు. ఫిల్టరు మూసుకుపోతే లోపలికి వెళ్లే గాలి తగ్గి, పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం దానంతటదే చిక్కబడుతుంది, అంటే పెట్రోలు పాలు పెరుగుతుంది. మూసుకుపోయిన ఫిల్టరుతో స్క్రూ సరిచేశారనుకోండి. తరువాత ఫిల్టరు మార్చిన రోజున ఆ సెట్టింగంతా తప్పిపోతుంది. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరాక కొద్దిగా ఇంజను ఆయిల్ పట్టించాలి. నూనె పట్టించిన కాగితపు రకాన్ని కడగకూడదు, గాలితో ఊదకూడదు, మార్చేయడమే. ఫిల్టరు లేకుండా బండి నడపడం ఇంజను లోపలికి ఇసుక పోయడమే.

ప్లగ్గు, ట్యాపెట్లు (వాల్వులను నెట్టే మీటలు) కూడా ముందే చూసుకోవాలి. ప్లగ్గు కొనలు అరిగి సందు పెరిగితే నిప్పురవ్వ బలహీనపడి కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. ట్యాపెట్లు బిగుతైతే వాల్వు పూర్తిగా మూసుకోక, బలం బయటికి పోతుంది. ట్యాపెట్లను రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజను మీదే, సందు కొలిచే ఫీలర్ గేజీతోనే పెట్టించుకోండి. శబ్దం రాకూడదని బిగించేసేవారు ఉన్నారు. కాస్త టకటక వినిపించే బండి, నిశ్శబ్దంగా వాల్వు కాల్చుకునే బండికన్నా మేలు.

చివరగా, చల్లటి ఇంజను స్టార్టవడానికి మిశ్రమాన్ని చిక్కబరిచే చోక్. లివరు పూర్తిగా వెనక్కి రాకుండా సగంలో ఆగిపోయి ఉంటే మిగతా ప్రయత్నాలన్నీ వృథా. కార్బురేటర్ దగ్గరకు వంగి, లివరు కదిలినప్పుడు అక్కడి మీట పూర్తిగా కదులుతోందో లేదో కళ్లతో చూడండి.

ఇవన్నీ సరిచేశాక మరోసారి ట్యాంకు నింపి కొలవండి. చాలామందికి పని ఇక్కడే అయిపోతుంది. అంకె బాగుంటే కార్బురేటర్ జోలికి పోకండి.

కార్బురేటర్ లోపల ఏ దారి ఎప్పుడు పనిచేస్తుంది

పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తగ్గితే మిశ్రమం చిక్కన, పెరిగితే పలచన. ఇంజనుకు అత్యధిక బలం కొంచెం చిక్కగా ఉన్నప్పుడు, అత్యధిక పొదుపు కొంచెం పలచగా ఉన్నప్పుడు వస్తాయి. ఈ 'కొంచెం' అన్న మాట మరిచిపోయినవారే బండ్లు పాడుచేసుకుంటారు. మరీ పలచనైతే మిశ్రమం సరిగా అంటుకోదు, బలం పడిపోతుంది. పడిపోయిన బలం కోసం మీరు గ్రిప్పు ఇంకాస్త తిప్పుతారు. మిగిలిందనుకున్న పెట్రోలు ఆ దారిన పోతుంది, పైగా ఇంజను వేడెక్కుతుంది. నా బండికి జరిగింది అక్షరాలా ఇదే.

గ్రిప్పు తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే స్లైడు ఉన్న మామూలు కార్బురేటర్‌లో పెట్రోలుకు మూడు దారులున్నాయి. గ్రిప్పు పూర్తిగా వదిలినప్పటి నుంచి ఎనిమిదో వంతు తిప్పే దాకా పైలట్ జెట్ (జెట్ అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క), దాని స్క్రూ పెత్తనం. అక్కడి నుంచి పావు దాకా స్లైడు అంచున ఉన్న కోత ప్రభావం ఎక్కువ. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకు వేలాడే సూది, అంటే నీడిల్. ముప్పావు దాటాకే మెయిన్ జెట్. ఈ హద్దులు గీత గీసినట్టుండవు, ఒకదానిలోకి ఒకటి జరుగుతాయి.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. గ్రిప్పు మీద, దాని పక్కనున్న కదలని భాగం మీద తెల్లటి టేపు ముక్కలు అంటించండి. గ్రిప్పు వదిలి ఉన్నప్పుడు రెండు టేపులనూ కలుపుతూ ఒక గీత గీయండి. పూర్తిగా తిప్పినప్పుడు ఆ గీత ఎక్కడికి చేరుతుందో చూసి, ఆ దూరాన్ని నాలుగు భాగాలు చేసి గుర్తులు పెట్టండి. మీ దారిలో ఒకసారి వెళ్లి రండి. సింగుపురం దగ్గర చదును రోడ్డు మీద 45 వేగంతో వెళ్తున్నప్పుడు నా గుర్తు పావు దగ్గరే నిలిచింది. వంతెన ఎక్కేటప్పుడు సగం దాకా పోయింది. ముప్పావు దాటింది లారీని దాటిన ఒక్క క్షణమే.

ఈ పరీక్ష చేసిన రోజున నాకు కళ్లు తెరుచుకున్నాయి. రోజువారీ ప్రయాణంలో మన పెట్రోలంతా పైలట్ స్క్రూ, నీడిల్ మొదటి భాగం, ఫ్లోటు మట్టం (కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు నిలిచే ఎత్తు), ఈ మూడింటి గుండానే పోతోంది. మైలేజీ కోసమని చిన్న మెయిన్ జెట్ వేయించుకునేవారు తాము దాదాపు వాడని దారిని బిగిస్తున్నారు. ఆ జెట్ అవసరమయ్యేది సాలూరు ఘాటీ ఎక్కేటప్పుడు, ఇద్దరు మనుషులూ ఒక బస్తా బరువుతో పూర్తి గ్రిప్పులో. సరిగ్గా అప్పుడే చిన్న జెట్ ఇంజనును ఎండగడుతుంది. కంపెనీ వేసిన మెయిన్ జెట్ అంకెను మార్చకండి.

రబ్బరు పొర ఉన్న కార్బురేటర్లు కొన్ని పెద్ద బండ్లకు ఉంటాయి. వాటిలో స్లైడు ఇంజను లాగే గాలిని బట్టి లేస్తుంది కాబట్టి గ్రిప్పు గుర్తు అంత కచ్చితంగా సరిపోదు. స్క్రూ పద్ధతి మాత్రం వాటికీ ఒకటే.

మూడో పని: శుభ్రం చేయడం

ఆరుబయట, చల్లబడిన ఇంజనుతో, దగ్గరలో పొయ్యి, బీడీ, దీపం లేనిచోట చేయండి. పెట్రోలు కాక్ మూసి, ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును స్టీలు గిన్నెలోకి వదలండి. అడుగున నీటి బొట్లు, తుప్పు రేణువులు కనిపిస్తే ట్యాంకు కూడా కడగాల్సి ఉందన్నమాట.

కార్బురేటర్ విప్పాక, పైలట్ స్క్రూ తీసేముందు దాన్ని సవ్యదిశలో నెమ్మదిగా లోపలికి తిప్పుతూ, తేలిగ్గా తగిలేదాకా ఎన్ని తిప్పులు పట్టాయో లెక్కపెట్టి రాసుకోండి. ఒకటిన్నర, రెండుంబావు, ఎంతైనా సరే. తగిలాక బిగించకూడదు, సూది మొన గాడి పడి మళ్లీ ఎప్పటికీ సరిగా కూర్చోదు. ఆ తరువాత బయటికి తీయండి. దానితోపాటు స్ప్రింగు, చిన్న వాషరు, రబ్బరు రింగు వస్తాయి. వచ్చిన వరుసలోనే తెల్లగుడ్డ మీద పేర్చి ఫోనులో ఫొటో తీసుకోండి. ఆ రబ్బరు రింగు గిన్నె అడుగులోనో నేలమీదో పోతే ఆ సాయంత్రానికి బండి లేనట్టే.

జెట్లను ఇనుప తీగతో, సూదితో పొడవకండి. అవి మెత్తటి ఇత్తడి. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా అంత పెట్రోలు జీవితాంతం ఎక్కువ పోతూనే ఉంటుంది. కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే కొట్టి, గాలి ఊదండి. మొండిగా ఉంటే చేపల వలకు వాడే సన్నటి నైలాను దారం దూర్చి లాగండి, అది ఇత్తడిని గీరదు. మన తీరంలో ఆ దారానికి కొరత లేదు. వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, మచ్చ లేకుండా కనిపించాలి. స్ప్రే కొట్టేముందు రబ్బరు భాగాలన్నీ తీసేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోలు చప్పుడు వినిపిస్తే దానికి చిల్లు పడింది, మార్చాలి. ఫ్లోటు కింద వేలాడే చిన్న వాల్వు మొనను గోటితో తడమండి. చుట్టూ గాడి తగిలితే అది పూర్తిగా మూయడం లేదు. ఈ రెండింటిలో ఏది చెడినా గిన్నెలో పెట్రోలు మట్టం పెరిగి, అన్ని వేగాల్లోనూ మిశ్రమం చిక్కబడుతుంది. అప్పుడు స్క్రూ ఎంత తిప్పినా లాభం ఉండదు. ఫ్లోటు ఎత్తు మీ మోడలుకు ఎన్ని మిల్లీమీటర్లో సర్వీసు పుస్తకంలో ఉంటుంది. కొలత తెలియకుండా ఫ్లోటుకున్న చిన్న రేకు నాలుకను వంచకండి.

తిరిగి బిగించాక, కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు అతుకు చుట్టూ, ఇంజను నడుస్తుండగా కొద్దిగా నీళ్లు చిలకరించండి. ఐడిలింగ్ (గ్రిప్పు వదిలేసినప్పుడు ఇంజను నడిచే తీరు) శబ్దం మారితే అక్కడ గాలి చొరబడుతోంది. ఆ రబ్బరు మార్చకుండా ముందుకు పోవద్దు.

నాలుగో పని: స్క్రూ పెట్టడం

ముందు మీ పైలట్ స్క్రూ, అంటే మిశ్రమం స్క్రూ, ఏ రకమో తెలుసుకోవాలి. పొరపాట్లన్నీ ఇక్కడే పుడతాయి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ. లోపలికి తిప్పితే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది, బయటికి తిప్పితే పలచబడుతుంది. స్క్రూ స్లైడుకు అవతల, ఇంజను వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ. దానికి అంతా తలకిందులు: లోపలికి పలచన, బయటికి చిక్కన. నా బండిది పెట్రోలు స్క్రూ. ఆ దుకాణంలో దాన్ని గాలి స్క్రూ అనుకున్నారో ఏమో, దాదాపు మూసేశారు.

పెద్ద తలతో, స్లైడును పైకి నెట్టే మరో స్క్రూ ఉంటుంది. అది ఐడిలింగ్ స్క్రూ. అది మిశ్రమం పెట్టే స్క్రూ కాదు.

స్క్రూను తేలిగ్గా తగిలేదాకా మూసి, మీరు రాసుకున్న లెక్కకో సర్వీసు పుస్తకంలోని లెక్కకో తెరవండి. రెండూ లేకపోతే ఒకటిన్నర తిప్పులతో మొదలుపెట్టండి. బండిని ఐదారు కిలోమీటర్లు నడిపి ఇంజనును బాగా వేడిచేయండి. చల్లటి ఇంజను మీద పెట్టిన సెట్టింగు సెట్టింగే కాదు. తిరిగొచ్చి, చోక్ పూర్తిగా తీసి, ఐడిలింగ్‌ను మామూలుకన్నా కాస్త పెంచండి.

ఇప్పుడు మిశ్రమం స్క్రూను పావు తిప్పు లోపలికి తిప్పి, పది లెక్కపెట్టి వినండి. మళ్లీ పావు. ఎక్కడో ఒకచోట ఇంజను మందగించి తడబడుతుంది. ఆ స్థానం గుర్తుపెట్టుకోండి. ఇక అక్కడి నుంచి బయటికి పావు పావుగా రండి. శబ్దం పెరుగుతూ వచ్చి, కాసేపు ఒకే తీరున నిలబడి, మళ్లీ తడబడుతుంది. రెండు తడబాట్ల నడుమ శబ్దం అత్యంత హాయిగా వినిపించిన చోటు మీది. ఫ్యాను, టీవీ శబ్దాలు లేనిచోట చేస్తే ఈ తేడా చెవికి స్పష్టంగా అందుతుంది. నేను తెల్లవారుజామున చేస్తాను.

తరువాత ఐడిలింగ్ స్క్రూతో వేగాన్ని మామూలుకు తగ్గించండి. చాలా 100 సీసీ బండ్లకు నిమిషానికి 1400 చుట్ల ప్రాంతంలో ఉండాలి. ఐడిలింగ్ తగ్గించాక మిశ్రమం స్క్రూను మరోసారి సరిచూడండి, ఒకదాని ప్రభావం మరొకదాని మీద ఉంటుంది. పొదుపు కావాలనుకుంటే, దొరికిన చోటు నుంచి పలచన వైపుకు తిప్పులో ఎనిమిదో వంతు మాత్రమే జరపండి. అంతకుమించి ఒక్క గీత కూడా వద్దు.

ఇప్పుడు గ్రిప్పును చటుక్కున తిప్పి వదలండి. ఇంజను వెంటనే లేచి వెంటనే దిగాలి. తిప్పగానే ఒక క్షణం ఊపిరి ఆగినట్టైతే, లేదా వదిలాక శబ్దం దిగకుండా పైనే వేలాడితే పలచన ఎక్కువైంది. దిగేటప్పుడు మరీ కిందికి పడిపోయి, ఆగబోయి మళ్లీ తేరుకుంటే చిక్కన ఎక్కువైంది. మిశ్రమం స్క్రూను మూసేదాకా తిప్పినా ఇంజనులో ఏ మార్పూ రాకపోతే పైలట్ దారి మూసుకుపోయిందనో, ఐడిలింగ్ స్క్రూ మరీ పైకి నెట్టి ఉందనో అర్థం. మూడో పనికి వెనక్కి వెళ్లండి.

ఐదో పని: నీడిల్

పైలట్ స్క్రూ సరిగ్గా ఉండీ, పావు నుంచి సగం గ్రిప్పులో బండి బరువుగా, గొంతు పూడినట్టు నడుస్తుంటే నీడిల్ చూడాలి. ఖాళీగా ఉన్న వీధిలో పెట్రోలు కాక్ మూసి నడపండి, రహదారి మీద మాత్రం వద్దు. గిన్నె ఖాళీ అవుతూ మిశ్రమం పలచబడుతుంది. ఆగిపోయేముందు బండి ఒక్కసారి హుషారుగా లాగిందంటే అంతకుముందు దాకా చిక్కగా ఉన్నట్టే.

నీడిల్ పైభాగంలో గాళ్లు, వాటిలో ఒక చిన్న క్లిప్పు ఉంటాయి. క్లిప్పును పై గాడికి మారిస్తే నీడిల్ కిందికి దిగి మిశ్రమం పలచబడుతుంది. కింది గాడికి మారిస్తే చిక్కబడుతుంది. ఒకసారికి ఒక్క గాడి మాత్రమే మార్చండి. మన 100 సీసీ బండ్లలో కొన్నిటికి ఒకే గాడి ఉంటుంది, అప్పుడు మార్చడానికేమీ లేదు.

గాళ్లకన్నా ముఖ్యమైనది అరుగుదల. నీడిల్ తన జెట్‌లో రోజంతా పైకీ కిందికీ ఆడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నీడిల్ సన్నబడుతుంది, జెట్ నోరు కోలగా మారుతుంది. ఆ సందులోంచి పెట్రోలు ఎక్కువ వస్తుంది, అదీ సరిగ్గా మనం రోజూ నడిపే పావు గ్రిప్పు దగ్గర. నీడిల్‌ను వెలుతురులో తిప్పి చూడండి. ఒకవైపు మెరుపు గీత, వేలికి తగిలే మెట్టు ఉంటే నీడిల్, దాని జెట్ రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే చాలదు. నా బండికి స్క్రూ వల్ల వచ్చిన లాభంకన్నా ఈ జత మార్చినప్పుడు వచ్చిన లాభం ఎక్కువ.

ఇథనాల్ కలిసిన పెట్రోలు సంగతి

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లోనే కొంత ప్రాణవాయువు ఉండటం వల్ల దానికి బయటి గాలి తక్కువ చాలు. స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 అయిన లెక్క ఈ మిశ్రమానికి సుమారు 13.5కు దిగుతుంది. అంటే స్క్రూ కదపకపోయినా, పాత పెట్రోలుకు పెట్టిన సెట్టింగు ఇప్పుడు దానంతటదే పలచబడిందన్నమాట. కొన్నేళ్ల క్రితం పొదుపు కోసం చివరి అంచు దాకా పలచన చేయించుకున్నవారు ఇప్పుడు తప్పకుండా మళ్లీ సరిచూసుకోవాలి.

లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ మార్గసూచి, పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని అంచనా వేసింది. 60 ఇచ్చే బండికి అది రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లను స్క్రూ నుంచి పిండాలని చూడకండి, అవి ఇంధనంలోనే లేవు.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో రెండు మూడు వారాలు బండి కదలకపోతే, కాక్ మూసి, గిన్నెలోని పెట్రోలు వదిలేయండి.

సరైందో కాదో చూసుకోవడం

రెండు వందల కిలోమీటర్లు తిరిగాక ప్లగ్గు తీయండి. లేత ఇటుక రంగు, లేదా బూడిద రంగు మంచిది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే చిక్కన. సున్నంలా తెల్లబడి చిన్న పొక్కులు కనిపిస్తే మరీ పలచన, వెంటనే సరిచేయాలి. ఇథనాల్ పెట్రోలుతో రంగు మామూలుగానే కాస్త లేతగా ఉంటుంది. ఐడిలింగ్‌లో నిలబెట్టి ఆపేసిన బండి ప్లగ్గు నల్లగానే కనిపిస్తుంది. అందుకని రోడ్డు మీద నడిపి వచ్చి, వెంటనే ఆపి, చల్లబడ్డాక తీయండి.

ఇంకో మంచి దారి ఉంది. కాలుష్య తనిఖీ గడువు దగ్గరపడినప్పుడు ట్యూనింగ్ ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించండి. వారిచ్చే కాగితంలో కార్బన్ మోనాక్సైడ్ శాతం ఉంటుంది. ఆ అంకె ఐడిలింగ్ దగ్గర మిశ్రమం ఎంత చిక్కగా ఉందో నేరుగా చెబుతుంది. చెవికన్నా అది నమ్మదగిన సాక్షి.

చివరికి మళ్లీ మూడు ట్యాంకులు కొలవండి. పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, స్క్రూ ఎన్ని తిప్పులు, నీడిల్ ఏ గాడి అన్నవి ఒకే వరుసలో రాయండి. సగటు పెరగకపోతే స్క్రూను మొదట రాసుకున్న లెక్కకు తిప్పేసి, ఫ్లోటు మట్టం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పెరిగితే స్క్రూ తల మీదా, పక్కనున్న లోహం మీదా కలిపి తెల్ల రంగుతో ఒక చిన్న గీత గీయండి. తరువాత సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్నప్పుడు ఆ గీత కలవకపోతే ఎవరో దాన్ని తిప్పారని అక్కడికక్కడే తెలిసిపోతుంది.